రేసుల స్నేహితుడు పోతే ఏం చేయాలి, ఎట్టా గుర్తుపెట్టుకోవాలి

మామూలు స్నేహితుడు పోతే ఏం చేయాలో ఊళ్ళో అందరికీ తెలుసు. సెంటర్లో అశ్రునివాళి ఫ్లెక్సీ, పేపరు జిల్లా పేజీలో ఫోటో, పెద్దకర్మ నాడు భోజనం. రేసులకు పోయే స్నేహితుడు పోతే అంత తేలిగ్గా కుదరదు. మీరు చూసిన మనిషిని ఇంట్లోవాళ్ళు సగమే చూసి ఉంటారు, చూసిన ఆ సగమూ వాళ్ళకు నచ్చి ఉండదు, బంధువుల్లో ఒకరిద్దరు "గుర్రాల మీద తగలేశాడు" అని పాడె లేవకముందే అనేసి ఉంటారు. అందులోనూ అతను పందెం కాసేవాళ్ళకు అన్యాయం జరక్కూడదని రేసులు నడిపే క్లబ్బులకు ఉత్తరాలు రాసిన మనిషైతే, ఆ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. జూదంలో న్యాయమేందబ్బా అని.

నెల్లూరులో మేమంతా క్యాషియరన్నా అని పిలిచిన ఆయన అట్టాంటి మనిషే. బ్యాంకులో క్యాషియరుగా రిటైరయ్యాడు. రైలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో లోకల్ పట్టుకుని గిండీ రేసు కోర్సుకు పోయేవాడు. కాసేది చాలా చిన్న పందెం, మిగతా టైమంతా టోట్ బోర్డు ముందు నిలబడి నోటుబుక్కులో లెక్కలు. టోట్ అంటే అందరి పందేలూ ఒక కుప్పలో వేసి, క్లబ్బు వాటా తీసి, మిగిలింది గెలిచినవాళ్ళకు పంచే పద్ధతి. పది రూపాయల తేడాకు యాభై రూపాయల పోస్టు ఖర్చు పెట్టే రకం. ఆయన పోయాక మేము చేసినవాటిలో పనికొచ్చినవి ఇక్కడ రాస్తున్నా, మీకూ అట్టాంటి స్నేహితుడుంటే అక్కరకొస్తాయి.

ముందు ఇంటికి పోండి

ఫ్లెక్సీకి ఆర్డరివ్వక ముందే ఇంట్లో అడగండి. గుర్రం బొమ్మ పక్కన ఆయన ఫోటో పెట్టి ట్రంకు రోడ్డులో కడితే మీకు బాగానే ఉంటుంది, రేపు ఆ ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు ఏం చెప్పుకోవాలో వాళ్ళు ఆలోచించుకోవాలి కదా. వద్దంటే వద్దు, బతిమాలొద్దు. ఫ్లెక్సీ లేకపోయినా మనిషి తక్కువైపోడు.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు "అన్న రేసుల్లో ఎక్స్‌పర్టు వదినా" లాంటి మాటలు పనిచేయవు, ఆ మాట వింటే ఆమెకు గుర్తొచ్చేది నెలాఖరు ఖర్చులే. జరిగిన ఒక్క సంగతి చెప్పండి, వివరంగా. మేము వదినకు చెప్పింది ఇదీ: ఒకసారి రేసు మొదలవడానికి కాస్త ముందు ఒక గుర్రాన్ని తప్పించారు, మైకులో ఏదో చెప్పారు గానీ ఆ గోలలో ఎవరికి వినపడుతుంది, ఒక ముసలాయన తన గుర్రం పరుగెత్తనే లేదని తెలిసి టికెట్టు నలిపి కింద పడేసి పోతున్నాడు. అన్న ఆ టికెట్టు వెతికి తీసి, చొక్కాకు రుద్ది సాపు చేసి, ఆయన్ను చెయ్యి పట్టుకుని కౌంటర్ దగ్గరికి తీసుకుపోయాడు. తప్పించిన గుర్రం మీద కాసిన విన్ (మొదట వస్తుందని), ప్లేస్ (ముందు వచ్చేవాటిలో ఉంటుందని) డబ్బు టోట్‌లో వాపసు ఇవ్వాలి, అది నియమం. ముసలాయనకు డబ్బు చేతికొచ్చిందాకా కదల్లేదు, ఈలోపు తను కాయాలనుకున్న తర్వాతి రేసు అయిపోయింది. వదిన అంతా విని, "ఆయనకు ఇంట్లో పాలవాడి లెక్క దగ్గర కూడా అదే చాదస్తం" అంది. ఆ మాట తర్వాత మాకు మాట్లాడుకోవడం తేలికైంది.

బంధువుల నోరు మూయించాలని కాదు గానీ, చట్టం సంగతి ఒకటి తెలిసి ఉంటే మంచిది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందాలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది, 1986లో మద్రాస్ రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి ఇంకో చట్టం తెచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా పోయి, 1996 జనవరిలో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తీర్పు వచ్చింది. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట, అదృష్టం మీద ఆధారపడే జూదం కిందికి రాదు అని కోర్టు చెప్పింది. గుర్రం పుట్టుక, మోసే బరువు, స్వారీ చేసే జాకీ, దూరం, ఇంతకుముందు పరుగులు చూసి లెక్కకట్టే పని కదా అని. అయితే దీన్ని పట్టుకుని మన ఊళ్ళో ఫోన్లో బెట్టు తీసుకునేవాడు కూడా సక్రమమే అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974లో గుర్రప్పందేనికి ఇచ్చిన మినహాయింపు చాలా ఇరుకైంది. రేసు జరిగే రోజునే, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన ఆవరణలోనే, లైసెన్సున్న బుకీతోనో (సొంతంగా రేటు చెప్పి పందెం తీసుకునేవాడు) టోట్‌లోనో కాయాలి. అంటే టీ బంకు దగ్గర నిలబడి చీటీ రాసిచ్చేవాడు చట్టం బయటే. అన్న ఈ విషయంలో మహా ఖచ్చితం, స్నేహితుడు అడిగినా ఫోన్ పందెం కాయలేదు.

డబ్బు లెక్క తేల్చండి, ఆలస్యం చేయొద్దు

దుఃఖంలో ఉన్న ఇంట్లో డబ్బు మాట ఎత్తడం మొహమాటమే, కానీ ఇది స్నేహితులు తప్ప ఇంకెవరూ చేయలేని పని. చొక్కా జేబులు, పర్సు, ఆ రోజు గుర్రాల వివరాలుండే రేస్ బుక్కుల మధ్య పేజీలు, కళ్ళజోడు పెట్టె, అన్నీ ఇంట్లోవాళ్ళ ఎదుటే వెతకండి. గెలిచిన టికెట్టు సొమ్ము తీసుకోని ఉంటే దానికి గడువుంటుంది, అది క్లబ్బును బట్టి మారుతుంది, టికెట్టు వెనకో రేస్ బుక్కులోనో చూసుకుని వెంటనే పోవాలి.

తర్వాత అప్పుల వాళ్ళు. "మీ ఆయన నాకు పందెం బాకీ ఉన్నాడు" అని ఒకడు తప్పకుండా వస్తాడు. ఇంట్లోవాళ్ళు బెదిరిపోయి గాజులు తీసి ఇచ్చే దాకా పోకముందే మీరు చెప్పాల్సింది ఇదీ: 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ సొమ్ము కోసం కోర్టుకు పోయి వసూలు చేసుకోవడానికి లేదు. చేబదులో ప్రోనోటో అయితే ఆ సంగతి వేరు. మనిషి నిజంగా అప్పు తీసుకుని ప్రోనోటు రాసిచ్చి ఉంటే, ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకు వారసుల మీదికి వస్తుంది, అప్పుడు వకీలుకు చూపించుకోవాల్సిందే. పందెం బాకీ, అప్పు రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఉంటారు, కాగితం చూపించమనండి, సగంమంది అక్కడే ఆగిపోతారు.

ఇన్‌కమ్ టాక్సు కూడా మర్చిపోవద్దు. రేసు గెలుపు మీద పన్ను ఎంత గెలిచినా 30 శాతం, ఓడిన డబ్బును అందులోంచి తీసేయడానికి వీల్లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో చెల్లింపు పదివేలు దాటితే టీడీఎస్ పట్టుకునే ఇస్తారు. అట్టా పట్టుకున్నది ఏమైనా ఉంటే ఆయన పాన్ మీద కనిపిస్తుంది, చనిపోయిన సంవత్సరానికి వారసులు ఈ-ఫైలింగ్ పోర్టల్లో చట్టబద్ధ వారసుడిగా నమోదు చేసుకుని రిటర్ను వేయాలి. ఆడిటర్ దగ్గరికి తోడు పోండి, ఎందుకంటే రేసుల సంగతి చెప్పడానికి ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి దాచేస్తారు.

కాగితాలు పాత సామాన్లకు వేయకుండా చూడండి

రేస్ బుక్కులు గుట్టలుగా ఉంటే అన్నీ ఉంచుకోమని ఎవరూ అనరు. ఆయన పెన్సిలుతో రాసినవి ఉంచండి, రాయనివి పోనివ్వండి. నోటుబుక్కులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు.

అన్న నోటుబుక్కులో ఒక పేజీ ఎట్టా ఉంటుందో చెప్తా. పైన తేదీ, రేసు నంబరు. ఎడమ వైపు రేసు మొదలయ్యేటప్పటికి బోర్డు మీద ఉన్న విన్ పూల్ (విన్ పందేలన్నీ చేరిన కుప్ప) మొత్తం, దాని కింద గెలిచిన గుర్రం మీద పడిన టికెట్లు, దాని కింద తను లెక్కకట్టిన డివిడెండ్, అంటే గెలిచిన ఒక్కో టికెట్టుకు రావాల్సిన సొమ్ము, కుడి వైపు క్లబ్బు ప్రకటించిన డివిడెండ్. రెండూ కలిస్తే చిన్న టిక్కు, కలవకపోతే ఎర్ర పెన్సిలుతో సున్న. ఎక్కువ పేజీల్లో టిక్కులే ఉన్నాయి, ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. క్లబ్బులన్నీ దొంగలని ఆయన ఎప్పుడూ అనలేదు, చూసి చెప్పండి అనేవాడు. ఎర్ర సున్నల పక్కన ఏదో ఒక మాట ఉంటుంది: "ఆలస్యంగా తప్పించారు", "బరువు మార్పు మైకులో చెప్పలేదు", "కారణం అడిగాను". ఆ పేజీలను ఫోన్తో ఫోటోలు తీసి, సంవత్సరం పేరుతో ఫోల్డర్లు పెట్టి, అసలు పుస్తకాలు ఇంట్లోనే వదిలేయండి. అవి వాళ్ళవి. ఆయన చేతిరాత మనవళ్ళకు కావాలి, మీకు కావాల్సింది లెక్క.

సభ పెడితే చింతపిక్కలతో పెట్టండి

పురమందిరం అంత పెద్ద హాలు తీసుకుని నాయకుల్ని పిలిస్తే ఆయన గురించి ఒక్క మాట తెలియనివాళ్ళు గంటసేపు మాట్లాడతారు. ఒకరి మేడ మీద పదిహేను ఇరవైమంది చాలు. దండ, దీపం, రెండు నిమిషాల మౌనం, సరే. ఆ తర్వాత ఎవరెవరు ఎంత గెలిచారు అనే కబుర్లు మొదలవుతాయి చూడండి, వాటిని ఆపే మనిషి ఒకడు ఉండాలి. జాక్‌పాట్ కథలు వినడానికి బాగుంటాయి గానీ పక్కన కూర్చున్న కుర్రవాళ్ళకు అవే ఎక్కుతాయి.

దానికి బదులు ఆయన మాకు టోట్ నేర్పిన పద్ధతినే అక్కడ ఆడించాం. డబ్బు అవసరం లేదు, చింతపిక్కలు చాలు.

పదిమందిని కూర్చోబెట్టండి. ఒక్కొక్కరికి పద్నాలుగు పిక్కలివ్వండి. మధ్యలో మూడు పళ్ళేలు. మొదటిది పన్ను, రెండోది క్లబ్బు, మూడోది పూల్. ఏదైనా పాత రేసు వీడియో పెట్టుకోండి, ఫలితం ఎవరికీ తెలియనిది. ఒక్కొక్కరు ఒక గుర్రం పేరు చీటీ మీద రాసి పది పిక్కలు కాయాలి. పది పిక్కల పందెం కాయాలంటే నాలుగు ముందే పన్ను పళ్ళెంలో వేయాలి, ఎందుకంటే 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రేసుల మీద 28 శాతం పెట్టారు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది, అదీ పందెం మొత్తం విలువ మీద. ఇప్పుడు పూల్‌లో వంద పిక్కలున్నాయి. అందులోంచి క్లబ్బు వాటా పది తీసి రెండో పళ్ళెంలో వేయండి. ఇది మన లెక్క కోసం అనుకున్న సంఖ్య, అసలు రేటు క్లబ్బును బట్టి, పందెం రకాన్ని బట్టి మారుతుంది. మిగిలింది తొంభై.

రేసు అయిపోయింది. గెలిచిన గుర్రం మీద ముగ్గురే కాసి ఉంటే తలా ముప్ఫై. పద్నాలుగు పెట్టి ముప్ఫై తీసుకున్నారు, అందరూ చప్పట్లు. అదే ఆరుగురు కాసిన ఫేవరేట్ గెలిస్తే తలా పదిహేను, అంటే గెలిచినందుకు మిగిలింది ఒక్క పిక్క. ఏడుగురు కాసి ఉంటే చూడండి అసలు తమాషా: తలా పన్నెండు వస్తాయి, పద్నాలుగు పెట్టిన మనిషి గెలిచి కూడా రెండు పిక్కలు పోగొట్టుకున్నాడు! పైగా ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు, పళ్ళెంలో ఇంకా ఆరు మిగిలున్నాయి, వాటిని ఏడుగురికి సమంగా పంచలేం. "ఈ ఆరూ ఎవరివి?" అని అడగండి. అన్న జీవితమంతా అడిగిన ప్రశ్న అదే. డివిడెండ్‌ను కిందికి సరిచేసినప్పుడు మిగిలే చిల్లర ఎక్కడికి పోతుంది, ఆ నియమం ఏ పేజీలో రాసుంది, పందెం కాసేవాడికి కనపడేట్టు ఎందుకు పెట్టరు.

మా మేడ మీద ఈ ఆట అయిపోయేసరికి వదిన తమ్ముడు, ఊరంతా తిరిగి అన్నను తిట్టిన మనిషే, పన్ను పళ్ళెంలోని నలభై పిక్కలు వేళ్ళతో కదిలిస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మరి ఇంత పోతుంటే బయట బుకీ దగ్గర ఎందుకు కాయరు జనం?" అన్నాడు. అదే కదా. పన్ను పెరిగినకొద్దీ మనిషి రసీదు లేని చోటికి పోతాడు, అక్కడ డబ్బు ఎగ్గొడితే అడిగే దిక్కుండదు. క్లబ్బులు ఇదే మాట తమ ఆదాయం కోసం చెప్తాయి, అన్న టికెట్టు కొనేవాడి తరఫున చెప్పేవాడు.

సభకు వచ్చినవాళ్ళలో రేసులు వదల్లేక ఇబ్బంది పడేవాళ్ళు కూడా ఉంటారు, ఇది మాత్రం దాచొద్దు. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరి పేరూ ఎత్తొద్దు, నంబరు చాలు.

ఉత్తరాలు ఆపకండి

ఆయన పేరు మీద ఒక రేసుకు ట్రోఫీ ఇద్దామని మాలో ఒకరన్నారు. క్లబ్బుల్లో స్మారక ట్రోఫీలు ఉంటాయి, నిజమే, కానీ అవి గుర్రాల యజమానుల లోకం. ఆ కప్పు అందుకునే వాళ్ళలో మూడో క్లాసు గ్యాలరీలో ఎండలో నిలబడేవాడు ఎప్పుడూ ఉండడు. ఆ డబ్బుతో ఏళ్ళ తరబడి స్పీడ్ పోస్టు ఉత్తరాలు రాయొచ్చు.

ఉత్తరం రాసే పద్ధతి చెప్తా, ఇది పూర్తిగా ఆయనదే. ఒక ఉత్తరంలో ఒకే ప్రశ్న. తేదీ, రేసు నంబరు, గుర్రం నంబరు, టికెట్టు నంబరు, బోర్డు మీద చూసిన సంఖ్య, చూసిన టైము. టికెట్టు జిరాక్సు పెట్టాలి, అసలుది ఎప్పుడూ పంపొద్దు. "మోసం", "దోపిడీ" లాంటి మాటలు ఉండకూడదు, అవి ఉంటే గుమాస్తా అక్కడే పక్కన పెట్టేస్తాడు. "ఫలానా నియమం ప్రకారం ఇంత రావాలని నా లెక్క, తేడా ఎందుకొచ్చిందో తెలియజేయగలరు" అని రాస్తే ఎవరో ఒకరు ఫైలు తీయాల్సి వస్తుంది. ఉత్తరం క్లబ్బు సెక్రటరీ పేరున పోవాలి, పరుగు తీరు మీద ఫిర్యాదైతే స్టీవార్డులకు, అంటే రేసును పర్యవేక్షించే అధికారులకు. దేశంలో టర్ఫ్ అథారిటీలు, అంటే రేసుల మీద అజమాయిషీ ఉన్న సంస్థలు, ఐదే: ముంబై, పుణెల రాయల్ వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్, రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్, మద్రాస్ రేస్ క్లబ్, బెంగళూరు టర్ఫ్ క్లబ్, హైదరాబాద్ రేస్ క్లబ్. రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ మలక్‌పేట రేసు కోర్సు కూడా మనది కాకుండా పోయింది కాబట్టి ఆంధ్రా పందెగాడు ఎక్కడికి రాసినా పరాయి రాష్ట్రానికే రాయాలి, అందుకే కాగితం ఇంకా గట్టిగా ఉండాలి.

ఒంగోలు వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు తెలుసు, గిత్తలు ఎంత దూరం లాగాయో జనం కళ్ళముందే టేపు పట్టి కొలిచి, అప్పటికప్పుడు మైకులో అడుగులు చెప్తారు. కొలత మీద గొడవ వస్తే అక్కడే తేలాలి. అన్న రేసు కోర్సులో అడిగింది అంతకన్నా ఎక్కువేం కాదు. గుర్రాన్ని తప్పిస్తే అందరికీ ఒకేసారి తెలియాలి, ఫోటో ఫినిష్ బొమ్మ (గుర్రాలు గీత దాటేటప్పుడు తీసింది) కనపడే చోట పెట్టాలి, స్టీవార్డులు విచారణ చేస్తే ఏం తేలిందో కారణంతో సహా చెప్పాలి.

కొత్తగా పోయే కుర్రవాళ్ళకు ఆయన చెప్పిన జాగ్రత్తలు ఎవరో ఒకరు చెప్తూ ఉండాలి. జాకీలు బరువు తూగి, ఫలితం ఖాయమని ప్రకటించేదాకా టికెట్టు చించొద్దు, అభ్యంతరం వచ్చి, రెండోదిగా వచ్చిన మీ గుర్రం మొదటిది కావచ్చు. రెండు గుర్రాలు సమంగా వస్తే బుకీ దగ్గర మీ పందెంలో సగానికే ముందు చెప్పిన రేటు కట్టిస్తాడు, టోట్‌లో అయితే పూల్‌నే రెండుగా చేస్తారు, మోసపోయామని అక్కడ అరవొద్దు. జాక్‌పాట్‌లో (వరుసగా కొన్ని రేసుల విజేతలను ముందే చెప్పే పందెం) మీ గుర్రం తప్పుకుంటే ఏమవుతుందనే నియమం క్లబ్బు క్లబ్బుకు వేరు, కాయకముందే చదవండి. కౌంటర్ వదిలేముందు టికెట్టు మీద రేసు నంబరు, గుర్రం నంబరు చూసుకోండి, తర్వాత చెప్తే మార్చరు.

చివరిగా వాట్సాప్ గ్రూపు. ఆయన అడ్మిన్‌గా ఉన్న గ్రూపు ఉంటే నంబరు తీసేయకముందే ఇంట్లోవాళ్ళను అడిగి ఆ ఫోన్లోంచే ఇంకొకరిని అడ్మిన్ చేయించండి, ఆలస్యమైతే ఆ పని కష్టమవుతుంది. మా గ్రూపులో ఆయన పోయిన కొన్నాళ్ళకే ఎవడో "రేపటి ష్యూర్ విన్నర్, లింక్ నొక్కండి" అని పెట్టాడు. అట్టాంటివాణ్ణి ఆ నిమిషమే తీసేయండి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రమే నిషేధించింది, ఆ లింకు వెనక ఏముందో వెతుక్కుంటూ పోవాల్సిన పని లేదు. గ్రూపు పేరు మార్చాలనిపిస్తే మార్చుకోండి. ఆయన పెట్టిన డివిడెండ్ లెక్కల మెసేజీలను మాత్రం ముందే ఎక్స్‌పోర్ట్ చేసి, నోటుబుక్కు ఫోటోలున్న ఫోల్డర్లోనే పెట్టేయండి.